మంచులో పడిన బంతి

అడిగిన రోజునే జవాబు చెప్పడం గురునాయుడు మాస్టారికి అలవాటు లేదు. ఎవరేం అడిగినా ఒకసారి తలెత్తి చూసి, "కానీ, చూద్దాం" అనేవాడు. ఆ చూద్దామన్నది రెండు రోజులకు తేలవచ్చు, రెండు నెలలకు తేలవచ్చు. ఆయన దగ్గర గోల్ఫ్ నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళలో కొందరు విసుగెత్తి మానేశారు. మిగిలినవాళ్ళు మాత్రం, తాము అడిగిన సంగతి తామే మరిచిపోయాక ఏ మధ్యాహ్నమో జవాబు వచ్చి ఎదురుగా నిలబడేదని చెప్పుకునేవారు. అలివేణి అడిగిన ప్రశ్నకు ఒక చలికాలం పట్టింది.

విశాఖ మన్యంలో, ఘాట్ రోడ్డు దాటి ఇంకా పైకి వెళితే ఒక కాఫీ తోట ఉంది. ఆ తోట నడుమ, పూర్వం దొరలు తమ సరదాకు వేసుకున్న తొమ్మిది హోల్స్ మైదానం. దొరలు పోయినా మైదానం పోలేదు. గురునాయుడు ఇరవయ్యో ఏట అక్కడ గడ్డి కోసే పనికి చేరి, ఆడేవాళ్ళను చూసి చూసి ఆట పట్టుకున్నాడు. అరవై దాటేసరికి తోటలో పనిచేసే గుమస్తాల దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ మాస్టారయ్యాడు. ఆట నేర్పడం ఒక పని, సాయంత్రం పార పట్టుకుని మైదానంలో గుంటలు పూడ్చడం రెండో పని. రెంటిలో ఏది పెద్దదని ఆయన ఎన్నడూ అనుకున్నట్టు లేదు.

అలివేణి తోట ఆసుపత్రిలో నర్సు. అప్పటికి ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. ఇంట్లో మంచం పట్టిన అత్తగారు, ఇద్దరు పిల్లలు; ఆసుపత్రిలో జ్వరాలు, కత్తిగాట్లు, కాన్పులు. పొద్దున్నే మైదానంలో గడిపే గంటన్నర తప్ప రోజంతటిలో తనదంటూ ఆమెకేమీ ఉండేది కాదు. అందుకే ఆ గంటన్నరను ఆమె నగలా దాచుకునేది. ఐదేళ్ళు కష్టపడి, ఆడవాళ్ళలో ఆ తోట మొత్తానికీ తనే మేటి అనిపించుకుంది. అలాంటి రోజుల్లో తోట బడికి దమయంతి పంతులమ్మగా వచ్చింది. కొత్త ఊరు, కొత్త చలి, మాట్లాడే తోడు లేదు. ఆమె వరండాలో ఒంటరిగా కూర్చోవడం చూసి జాలిపడి, "రా వదినా, కాస్త పొద్దుపోతుంది" అని చేయి పట్టుకుని మైదానానికి తీసుకొచ్చింది అలివేణే.

ఏడాది తిరక్కుండానే దమయంతి ఆమెను దాటిపోయింది. అది కష్టపడి దాటడం కూడా కాదు. ఏడో నంబరు ఐరన్ కర్ర పట్టుకుని ఆమె భుజం తిప్పితే బంతి సూటిగా లేచి, ఎక్కడ అనుకుందో అక్కడే దిగేది. ఆమె కొడుతుంటే కాఫీ తాగుతున్న పెద్దమనుషులు గ్లాసు పక్కన పెట్టి చూసేవారు. అలివేణి కొడుతున్నప్పుడు ఎవరి గ్లాసూ ఆగేది కాదు. "ఎవరి దగ్గర నేర్చుకున్నారమ్మా ఇంత చక్కగా?" అని ఎవరైనా అడిగితే దమయంతి నవ్వి, "అంతా మా అలివేణి వదిన చలవే" అనేది. ఆ మాట నిజాయితీగా అనేది. అందులో ఏ కాస్త గర్వం వినిపించినా అలివేణికి కోపం తెచ్చుకోవడానికి ఒక దారి దొరికేది. అది కూడా లేకపోయేసరికి కోపం వెళ్ళే చోటు లేక లోపలే తిరిగేది. ఇంటికెళ్ళి అన్నం వడ్డిస్తున్నా, రోగికి కట్టు కడుతున్నా, దమయంతి బంతి గాలిలో లేచిన తీరే కళ్ళ ముందు ఆడేది.

కార్తీకమాసంలో ఒక పొద్దున, దమయంతి బడికి వెళ్ళిపోయాక, అలివేణి ఉండబట్టలేక అడిగేసింది.

"ఒకే నేల, ఒకే కర్ర, ఒకే గురువు. ఆవిడకు వచ్చింది నాకెందుకు రాలేదు మాస్టారూ?"

గురునాయుడు పార ఆపి ఆమె ముఖం కేసి చూశాడు. "మంచు పడనీ అమ్మా, చూద్దాం" అన్నాడు.

డిసెంబరు మొదటి వారానికి మంచు దిగింది. ఆ కొండమీద మంచంటే మాటలు కాదు. తొమ్మిదింటి దాకా చాచిన చేతికి అవతల ఏముందో తెలియదు. మామూలుగా ఆ రెండు నెలలూ ఆట కట్టిపెట్టేసేవారు. ఆ ఏడు మాత్రం మేనేజరు ఒక కబురు తెచ్చాడు: ఫిబ్రవరిలో విశాఖపట్నంలో పెద్ద పోటీ ఉంది, తోట తరఫున ఆడవాళ్ళలో ఒకరినే పంపాలి. జనవరి ఆఖరి ఆదివారం అలివేణి, దమయంతి మైదానం రెండుసార్లు చుట్టి పద్దెనిమిది హోల్స్ ఆడతారు, గెలిచినవాళ్ళు వెళతారు. అలివేణి పుట్టిన దగ్గర్నుంచి తన పేరుమీద ఎక్కడికీ వెళ్ళింది లేదు. ఆ కబురు విన్న రోజు ఆమెకు ముద్ద దిగలేదు.

"చలికాలమని కూర్చుంటే చేతులు కొయ్యబారిపోతాయి. మంచులోనే కొట్టండి. కనబడదు కాబట్టి ఒకరికొకరు కళ్ళవ్వండి" అన్నాడు మాస్టారు. ఏర్పాటు ఇదీ. మైదానం అంచున ఉన్న దిబ్బమీద ఒకరు నిలబడి కొడతారు. నూటపది గజాల అవతల ఒక ఎర్ర జెండా. రెండో మనిషి జెండాకు పక్కగా, లావుపాటి సిల్వర్ ఓక్ చెట్టు వెనక నిలబడాలి. "కొడుతున్నా!" అన్న కేక వినిపిస్తుంది. తరవాత బంతి తడినేలలో దబ్బున కూరుకునే చప్పుడు. అప్పుడు వెళ్ళి చూసి, జెండాకు ఏ పక్క ఎన్ని అడుగుల దూరంలో పడిందో గట్టిగా కేకేసి చెప్పి, బంతి ఏరుకోవాలి. ముప్పై బంతులు ఒకరివి, ముప్పై ఇంకొకరివి. కొట్టినవాళ్ళకు తమ బంతి కనబడదు. చెట్టు వెనకున్న మనిషి నోటమాటే వాళ్ళ చూపు.

మొదటి పదిరోజులూ అలివేణి ఉన్నదున్నట్టే చెప్పింది. చెబుతూ చెబుతూ ఆమెకు ప్రాణం విసిగింది. దమయంతి కొట్టిన ముప్పై బంతుల్లో ఇరవై జెండా చుట్టూ దండలా పడేవి. "సూటిగా వదినా", "సూటిగానే", "ఇదీ సూటే" — తన నోటితోనే ఆ మాట ఇరవైసార్లు అనాలి. పదకొండో రోజు ఒక బంతి జెండా కర్రను దాదాపు రాసుకుంటూ దిగింది. అలివేణి దాని మీద వంగి కాసేపు అలాగే నిలబడింది. ఆ తెల్లటి మంచులో ఆ బంతినీ తననూ చూసేవాళ్ళు లోకంలో లేరు.

"కుడికి ఆరడుగులు!" అని కేకేసింది.

అవతలనుంచి, "అలాగా? సరే వదినా, సర్దుకుంటా!" అన్న గొంతు.

దమయంతి పాదాలు కొద్దిగా ఎడమకు తిప్పుకుని ఉండాలి. తరవాతి బంతి జెండాకు ఎడమగా వచ్చి పడింది. "ఇప్పుడు సూటిగా వచ్చింది!" అంది అలివేణి. అనగానే ఒంట్లో ఏదో బరువు దిగినట్టు, చాలారోజుల తరవాత ఊపిరాడినట్టు అనిపించింది. ఆ రోజు ఇంటికెళ్ళి పిల్లలకు గారెలు వండింది.

అక్కణ్ణుంచి అది రోజువారీ అయిపోయింది. రోజుకు కాస్త చొప్పున, పుండు కెలకకుండా గుడ్డ విప్పినంత నేర్పుగా, దమయంతి చూపును ఆమె ఎడమకు లాగుతూ పోయింది. దమయంతి ఒక్కసారి కూడా "నిజమేనా?" అని అడగలేదు. సంక్రమణానికి ముందు ఒకనాడు ఆసుపత్రికి వచ్చి పగిలి నెత్తురు కారుతున్న అరచేతులు చాపింది. మందు రాస్తూ అలివేణి తల వంచుకుంది. దమయంతే అంది: "నా చేతులదేముంది వదినా, నా బంతుల కోసం ఆ తడిగడ్డిలో నువ్వు పడే పాట్లు తలుచుకుంటే నాకు కష్టంగా ఉంటుంది." అలివేణి ఇంకో పొర దూది చుట్టింది. ఆ సాయంత్రం మాస్టారు ఆమె ఇంటి ముందు ఆగి, కాఫీ అడిగి అరుగుమీద కూర్చున్నాడు. "తడినేలలో బంతి పడితే ఎంత గుంట పడుతుందో చూశావా అమ్మా? పూడ్చేసరికి నా నడుం పోతోంది" అన్నాడు. ఆయన వయసు మీదపడి ఏదో అంటున్నాడనుకుంది అలివేణి. ఆయన తరవాత కూడా నాలుగైదుసార్లు అలాగే వచ్చి కూర్చుని, కాఫీ తాగి, ఆమె ఏమైనా చెబుతుందేమోనన్నట్టు కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

ఇంతలో ఆమె లెక్కలో లేని ఇంకొకటి జరిగింది. తను దిబ్బమీద కొట్టే వంతు వచ్చినప్పుడు, మంచులోంచి "సూటిగా వదినా, జెండా పక్కనే!" అని దమయంతి సంబరంగా అరిచేది. మొదట్లో ఆ మాట తీయగా ఉండేది. తను అబద్ధం మొదలెట్టిన నాలుగో రోజున, ఆ కేక వినగానే అలివేణికి ఒక అనుమానం పుట్టింది. ఆవిడ మాత్రం నిజమే చెబుతోందని ఏమిటి? నేను చెబుతున్నానా? పోటీ ఇద్దరికీ ఒకటే కదా. ఆ తరవాత "ఎడమకి మూడడుగులు" అని వినిపిస్తే, అంటే కుడికి పడి ఉంటుందని అనుకునేది. "సూటిగా" అంటే ఎంత వంకరగా పోయిందోనని భయపడేది. పాదాలు ఒకసారి ఇటు తిప్పేది, ఒకసారి అటు తిప్పేది. పట్టు మార్చేది. నిజంగా నేరుగా పోతున్న బంతిని కూడా తన అనుమానంతో చెడగొట్టుకుంది. ఎదటి మనిషి అరచేతిలో పెట్టి ఇస్తున్న చూపును ప్రతి పొద్దూ కాలదన్నుకుని, ఇంటికి పోయి కుమిలిపోయేది.

జనవరి ఆఖరి ఆదివారం మంచు పడలేదు. అద్దం తుడిచినట్టు ఆకాశం. తోట జనమంతా వచ్చారు. దమయంతి మొదటి బంతి కొట్టింది. అది చక్కగా లేచి, చక్కగా సాగి, వెళ్ళవలసిన చోటికి ఎడమగా కాఫీ మొక్కల్లోకి వెళ్ళి పడింది. జనం "అయ్యో" అన్నారు. రెండోదీ అలాగే, మూడోదీ అలాగే. అలివేణి బంతులకైతే ఒక దారీ తెన్నూ లేదు; ఒకటి కొండకు, ఒకటి వాగుకు. ఇద్దరు మంచి ఆటగత్తెలు అంత హీనంగా ఆడడం ఆ మైదానంలో ఎవరూ చూసి ఎరగరు. చివరకు హోల్ దగ్గర కొట్టే చిన్న దెబ్బల్లో పాత అనుభవం అక్కరకొచ్చి అలివేణి రెండు దెబ్బల తేడాతో గెలిచింది. చప్పట్లు కొట్టారు. మేనేజరు చేయి కలిపాడు. ఏ గ్లాసులు తన కోసం ఆగాలని ఆమె ఏళ్ళుగా కోరుకుందో అవన్నీ ఆ పూట ఆగాయి.

దమయంతి వచ్చి ఆమెను కావలించుకుంది. ముఖంలో ఓడిన బాధ కన్నా దిగులు ఎక్కువగా ఉంది. గొంతు తగ్గించి, "నాకు కళ్ళు చూపించుకోవాలేమో వదినా. నిన్నటిదాకా సూటిగా పోయే బంతి ఇవాళ నాకు ఎడమకు పోతున్నట్టు కనబడుతోంది. నువ్వు చూశావు కదా, నిజంగా ఎడమకే పోయిందా?" అని అడిగింది.

తన రెండు కళ్ళూ చూసినదాని కన్నా ఈమె నా మాటనే ఎక్కువ నమ్ముతోంది, అనుకుంది అలివేణి. జనం చూస్తున్నారన్న ఎరుక కూడా లేకుండా అక్కడే గడ్డిలో కూలబడింది.

"నీ కళ్ళు బాగానే ఉన్నాయి వదినా. నేనే అబద్ధం చెప్పాను. నలభై రోజులుగా చెప్పాను."

దమయంతికి ఆ మాట వెంటనే ఎక్కలేదు. ఎక్కాక ఆమె ముఖం పాలిపోయింది. మేనేజరు చేతిలో పోటీకి పేరు రాసిన కాగితం తీసి అలివేణి, "నా పేరు కొట్టేసి ఆవిడ పేరు రాయండి సార్" అంది. దమయంతి ఆ కాగితం వైపు చూడనైనా చూడలేదు. మాస్టారు వైపు తిరిగింది; ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు.

"మీకూ తెలుసా?"

"తెలుసు. సాయంత్రాలు గుంటలు పూడ్చేవాణ్ణి కదా. నీ గుంటలు రోజూ కాస్త కాస్త ఎడమకి జరుగుతున్నాయి. ఆవిడే నోరు విప్పుతుందని కాచుకున్నాను తల్లీ. నువ్వు నష్టపోతున్నావని తెలిసీ కాచుకున్నాను. అది నా తప్పు" అన్నాడు గురునాయుడు. ఆ ముసలాయన ఒక శిష్యురాలి ముందు అలా తల దించుకోవడం అక్కడున్నవాళ్ళెవరూ ఎన్నడూ చూడలేదు. దమయంతి కర్ర అక్కడే పడేసి ఇంటికి వెళ్ళిపోయింది.

వారం రోజులు ఆమె మైదానంలో అడుగు పెట్టలేదు. మాస్టారు రోజూ బడికి వెళ్ళి, పిల్లలు బయటికొచ్చేదాకా గేటు దగ్గర నిలబడి, ఒక్క మాటా అనకుండా తిరిగొచ్చేవాడు. ఎనిమిదో పొద్దున ఆమె వచ్చింది. కాగితంలో తన పేరు చేరిన పోటీకి ఇంక పదమూడు రోజులే ఉన్నాయి, మంచు మళ్ళీ పట్టింది. "నా దెబ్బ సరిచేయండి మాస్టారూ. ఎడమకు వెళ్ళిపోయిన ఒళ్ళు కుడికి రానంటోంది. చెట్టు దగ్గర ఎవరు నిలబడతారు?" అంది. దూరంగా నిలబడి ఉన్న అలివేణి, పిలవకుండానే, మంచులోకి నడిచి వెళ్ళి సిల్వర్ ఓక్ చెట్టు వెనక నిలబడింది.

"కొడుతున్నా" అన్న కేక వచ్చింది. ఇదివరకటిలా లేదు, పొడిగా ఉంది. బంతి దబ్బున పడింది. అలివేణి చూసి, "ఎడమకి ఎనిమిదడుగులు!" అని అరిచింది. కాసేపటికి మంచులోంచి దమయంతి నడుస్తూ వచ్చింది. బంతి దగ్గరకు వెళ్ళి, జెండా నుంచి తనే అడుగులు కొలుచుకుంది. ఎనిమిది. అలివేణి ముఖం చూడకుండా వెనుదిరిగి, నూటపది గజాలు నడిచి, రెండో బంతి కొట్టింది. మళ్ళీ కేక, మళ్ళీ నడక, మళ్ళీ కొలత. ఆ రోజు ముప్పై బంతులకు ముప్పైసార్లు వచ్చి కొలుచుకుంది. మర్నాడూ అంతే. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి బరువెక్కినా మానలేదు. అలివేణి ప్రతిసారీ చెట్టుకు ఆనుకుని, చలికి పళ్ళు కొరుక్కుంటూ, ఆమె కొలవడం పూర్తయేదాకా నిలబడేది. క్షమించమని అడగలేదు. అడిగే ముఖం తనకు లేదని ఆమెకు తెలుసు.

పదో రోజున బంతులు మళ్ళీ జెండా చుట్టూ పడసాగాయి. పంతొమ్మిదో బంతి కర్రకు జానెడు దూరంలో దిగింది. "సూటిగా! జానెడు!" అని కేకేసి, అలివేణి నడక చప్పుడు కోసం చెవులు రిక్కించింది. చప్పుడు లేదు. తరవాత మంచులోంచి, "కొడుతున్నా" అన్న కేక. ఇరవయ్యో బంతి వచ్చి పడింది. దానికి మాత్రం దమయంతి నడిచి వచ్చి కొలుచుకుంది. ఇరవై ఒకటికీ వచ్చింది.

ఆ మధ్యాహ్నం గురునాయుడు గుంటలు పూడుస్తుంటే అలివేణి వెళ్ళి పక్కన కూర్చుంది. "ఒక్క బంతికి రాలేదు మాస్టారూ ఇవాళ. నా మాట మీద ఊరుకుంది. నాకు ఏడుపొచ్చింది. కానీ..." అని ఆగింది. మిగతాది చెప్పడం ఆమెకు నలభై రోజుల అబద్ధం ఒప్పుకోవడం కన్నా కష్టమైంది. "కానీ ఆ బంతి జెండా పక్కన దిగినప్పుడు నాకు ఇప్పటికీ కడుపు మండింది. ఇంత జరిగాక కూడా. ఇది ఎప్పటికి పోతుంది?"

మాస్టారు పారతో మట్టి సర్ది, పాదంతో అదిమాడు.

"మండనీ తల్లీ" అన్నాడు, కార్తీకంలో అడిగినదానికీ ఇదే జవాబన్నట్టు. "బంతి ఎక్కడ పడిందో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పు."